అద్దె కోసం ఇల్లు: పొదుపు సొమ్ము ఎక్కడ పెట్టాలి?



అనకాపల్లి జిల్లా దేవరాపల్లి వంటి మండల కేంద్రంలో ఒక కుటుంబం పాతికేళ్లు కష్టపడి కూడబెట్టిన సొమ్మును ఎక్కడ పెట్టాలనే మాట వచ్చినప్పుడు, ఇంటిల్లిపాదికీ ముందుగా తోచేది స్థలం, ఆ తరువాత ఇల్లు. పదవీ విరమణ సొమ్ము అందుకున్న ఉపాధ్యాయుడైనా, ఏళ్ల తరబడి చెరకు, వరి పండించి నాలుగు రాళ్లు వెనకేసుకున్న రైతైనా, గల్ఫు నుంచి కొడుకు పంపిన డబ్బును జాగ్రత్త చేసిన తల్లైనా కోరుకునేది ఒక్కటే. సొమ్ము భద్రంగా ఉండాలి, నెలనెలా కొంత చేతికి రావాలి. ఈ కోరికకు తగిన మార్గంగా అద్దె ఇల్లు కనిపించడం సహజం. అయితే ఏ ఊళ్లో కొనాలి, ఎంత పెట్టాలి, ఏ కాగితాలు చూడాలి అనేవి తేల్చుకోకుండా దిగితే అదే ఇల్లు గుదిబండగా మారుతుంది.

మొదట ఒక తేడాను స్పష్టంగా గుర్తించాలి. ఖాళీ స్థలం కొనడం వేరు, అద్దె వచ్చే ఇల్లు కొనడం వేరు. ఖాళీ స్థలం కొన్నవారు దాని ధర పెరుగుతుందనే ఆశ మీద సొమ్ము పెడతారు. ఆ స్థలం అమ్ముడుపోయే రోజు వరకు దాని నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. అద్దె ఇల్లు కొన్నవారు నెలనెలా వచ్చే రాబడి మీద సొమ్ము పెడతారు. ధర పెరిగితే అది అదనపు లాభం మాత్రమే. జాతీయ రహదారి వెంట కనిపించే లేఅవుట్ల జెండాలన్నీ మొదటి రకానికి చెందినవి. నెలవారీ ఖర్చులకు రాబడి కావలసిన కుటుంబం తన సొమ్మంతా ఖాళీ స్థలంలో పెడితే, ఆస్తి ఉండి కూడా మందులకు అప్పు చేయవలసి వస్తుంది.

అందువల్ల అద్దె కోసం ఇల్లు చూసేవారు తమను తాము అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ ఇంట్లో ఎవరు ఉంటారు అనేది. అద్దె ఇచ్చేది గోడలు కావు, ఆ ఇంట్లో ఉండే మనిషి. ఆ మనిషి ఏ పని చేస్తాడు, ఎంత సంపాదిస్తాడు, పనిచేసే చోటికి ఎలా వెళతాడు, ఎన్నాళ్లు ఉంటాడు అన్నవి తెలిస్తే ఇల్లు ఎక్కడ కొనాలో సగం తేలిపోతుంది. నీటి వసతి, గానుగ దూరం చూసుకోకుండా రైతు చెరకు నాటడు. అద్దెకు ఉండేవారెవరో తెలియకుండా ఇల్లు కొనడమూ అటువంటి పనే.

ఈ ప్రశ్నను అనకాపల్లి జిల్లాకే అన్వయించి చూడవచ్చు. దేవరాపల్లిలో అద్దెకు ఉండేవారిలో ముఖ్యులు బదిలీ మీద వచ్చే ఉద్యోగులు, అంటే ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది, మండల కార్యాలయాల వారు, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో పనిచేసేవారు. వీరి సంఖ్య తక్కువైనా జీతం నికరంగా వస్తుంది కనుక అద్దె సమయానికి అందుతుంది; బదిలీ అయినప్పుడు మాత్రం వాటా కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది. అనకాపల్లి పట్టణం 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. బెల్లం మార్కెట్టుకు పేరుపొందిన ఆ వర్తక పట్టణానికి జిల్లా కార్యాలయాలు కూడా చేరడంతో అక్కడ అద్దెకు వెతికేవారిలో వ్యాపారులూ ఉద్యోగులూ ఇద్దరూ ఉన్నారు.

పరవాడ, అచ్యుతాపురం వైపు పరిస్థితి మరో రకం. పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, ఎన్టీపీసీ వారి సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అచ్యుతాపురంలో ప్రత్యేక ఆర్థిక మండలి, వేలాది మహిళలు పనిచేసే బ్రాండిక్స్ వస్త్ర పరిశ్రమ ఉన్నాయి. పరిశ్రమ ఉన్న చోటల్లా అద్దెలు బాగుంటాయని చాలామంది అనుకుంటారు. కాని పెద్ద సంస్థలు తమ పర్మినెంటు ఉద్యోగులకు సొంతంగా టౌన్‌షిప్పులు కట్టుకోవడం ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఉక్కునగరం, సింహాద్రి కేంద్రానికి దీపాంజలి నగర్ అలా ఏర్పడినవే. ఇక చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సులో వచ్చి సాయంత్రానికి ఇంటికి చేరేవారికి అద్దె ఇంటి అవసరమే లేదు. మిగిలేది దూర ప్రాంతాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు, కొత్తగా చేరిన యువ ఉద్యోగులు. వారికి కావలసింది మూడు పడక గదుల ఫ్లాటు కాదు. నలుగురు కలిసి అద్దె పంచుకోగల చిన్న వాటా, నీరు, మరుగుదొడ్డి, నడిచి వెళ్లగల దూరంలో టిఫిను దుకాణం. పరిశ్రమ పేరు చూసి ఖరీదైన ఫ్లాటు కొన్నవారికి అద్దెదారు దొరకకపోవడానికీ, పక్క వీధిలో వరుస గదులు కట్టినవారికి ఒక్క గది కూడా ఖాళీ లేకపోవడానికీ కారణం ఇదే.

విద్యాసంస్థల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది కనుక అక్కడ విద్యార్థులకు గదులు అద్దెకివ్వవచ్చని ఎవరైనా భావిస్తే, ఆ విద్యార్థులు ప్రాంగణంలోని వసతిగృహాల్లోనే ఉంటారన్న సంగతి ముందుగా తెలుసుకోవాలి. అలాగే ఏదైనా పరిశ్రమకు శంకుస్థాపన జరిగిన రోజుకూ, అక్కడ ఉద్యోగులు స్థిరపడే రోజుకూ మధ్య చాలా ఏళ్లు గడవవచ్చు. పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి ప్రకటన వెలువడగానే భూమి ధర పెరుగుతుంది. అద్దె మాత్రం మనుషులు వచ్చి చేరిన తరువాతే పెరుగుతుంది. పెరిగిన ధరకు కొని, పెరగని అద్దెతో ఏళ్లు గడపగలిగే ఓపిక తమకు ఉందా అన్నది కొనేవారు ఆలోచించుకోవాలి. మరొకసారి చెప్పుకోవలసిన మాట: ముందు అద్దెదారుని చూడాలి, ఆ తరువాతే ఇంటిని చూడాలి.

రెండో ప్రశ్న, ఖర్చులన్నీ పోగా చేతికి ఎంత మిగులుతుంది అనేది. దీనికి నికర అద్దె రాబడి అని పేరు. ఏడాదికి వచ్చే అద్దెలో నుంచి ఖాళీ నెలల నష్టం, ఇంటి పన్ను, మరమ్మతులు తీసివేసి, మిగిలినదాన్ని ఇంటి మీద పెట్టిన మొత్తం సొమ్ముతో పోల్చి చూడటమే ఆ లెక్క. ఉదాహరణకు, ఒక కుటుంబం 30 లక్షల రూపాయలకు ఒక ఇల్లు కొన్నదనుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు ఏడున్నర శాతం అవుతాయి కనుక ఆ ఖర్చు రెండు లక్షల పైచిలుకు. అంటే పెట్టిన సొమ్ము 32 లక్షలు దాటింది. అద్దె నెలకు 9 వేలు అనుకుంటే ఏడాదికి లక్షా 8 వేలు. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండి, పన్నుకూ సున్నాలకూ మరమ్మతులకూ 15 వేలు ఖర్చయితే, మిగిలేది 84 వేలు. పెట్టిన సొమ్ములో ఇది రెండున్నర శాతానికి కొంచెం ఎక్కువ. అదే సొమ్ము బ్యాంకులో ఆరు శాతం వడ్డీకి ఉంచితే ఏడాదికి లక్షా 90 వేలు దాటుతుంది.

ఈ లెక్క విని అద్దె ఇల్లు దండగ అనే నిర్ణయానికి రాకూడదు. బ్యాంకు వడ్డీ గడువు వరకు పెరగదు, అద్దె కొన్నేళ్లకొకసారి పెరుగుతుంది. డిపాజిట్ అసలు విలువను ధరల పెరుగుదల తినివేస్తుంది, మంచి చోట ఉన్న నేల విలువ కాలంతో పాటు పెరిగే అవకాశం ఉంది. ఆదాయపు పన్ను చట్టం కూడా అద్దె ఆదాయం నుంచి ఇంటి పన్ను తీసివేశాక మిగిలినదానిలో 30 శాతాన్ని నిర్వహణ ఖర్చు కింద మినహాయిస్తుంది. నిజంగా అంత ఖర్చు చేశారా లేదా అని అడగదు. కనుక శ్రోతలు గ్రహించవలసింది ఇది. దళారీ చెప్పే అద్దె అంకె మొత్తం అద్దె మాత్రమే. కుటుంబానికి అక్కరకు వచ్చేది నికర అద్దె. ఆ రెంటి మధ్య తేడా తెలిసి, తెలిసే ఒప్పుకుని కొన్నవారికి తరువాత నిరాశ ఉండదు.

ఈ నికర రాబడి దృష్టితో చూసినప్పుడు, దేవరాపల్లి వంటి ఊళ్లో ఎక్కువమంది పట్టించుకోని ఒక మార్గం బయటపడుతుంది. అది తమ సొంత ఇంటి మీదనే మరో అంతస్తు వేసుకోవడం, లేదా పెరట్లో మిగిలిన జాగాలో రెండు వాటాలు కట్టుకోవడం. నేల ఇదివరకే సొంతం కనుక దాని కోసం కొత్తగా ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ సుంకమూ లేదు. 12 లక్షలతో మేడ మీద రెండు వాటాలు కట్టి, ఒక్కొక్కటి నెలకు 3 వేలకు ఇస్తే ఏడాదికి 72 వేలు వస్తాయి. అన్ని ఖర్చులూ తీసివేసినా 60 వేల దాకా మిగులుతాయి. పెట్టిన సొమ్ములో ఇది దాదాపు ఐదు శాతం. పైగా ఇంటి యజమాని కిందనే ఉంటారు కనుక అద్దె వసూలు, మరమ్మతులు, అద్దెదారు మంచిచెడ్డలు అన్నీ కళ్ల ముందే ఉంటాయి. అయితే పాత పునాది, స్తంభాలు మరో అంతస్తు బరువును మోస్తాయో లేదో ఇంజనీరు చేత చూపించి, పంచాయతీ అనుమతి తీసుకున్న తరువాతే శ్లాబు పని మొదలుపెట్టాలి.

ఫ్లాటు కొనాలనుకునేవారు మరొక విషయం తెలుసుకోవాలి. కట్టడం ఏటేటా పాతబడి విలువ కోల్పోతుంది, నేల పాతబడదు. ఫ్లాటు యజమానికి నేలలో లభించే భాగాన్ని అవిభాజ్య వాటా అంటారు, అంటే అందరితో కలిసి ఉండే, విడిగా హద్దులు లేని వాటా. ఆ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాసి ఉంటుంది. 20 ఏళ్ల తరువాత ఆ ఫ్లాటుకు విలువ మిగిలేది ముఖ్యంగా ఆ గజాల వల్లనే. నిర్మాణంలో ఉన్న అపార్టుమెంటులో కొనేవారు 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద ఆ ప్రాజెక్టు నమోదైందో లేదో చూడాలి. ఎనిమిది ఫ్లాట్లకు మించి, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో కట్టే ప్రాజెక్టులు ఈ చట్టం కింద నమోదు కావాలి. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే ఖర్చు చేయాలి. కట్టడం పునాది దాటకముందే నెలనెలా ఇంత అద్దె గ్యారంటీ అని ఎవరైనా చెబితే, ఆ అద్దె ఎవరి జేబులో నుంచి వస్తుందని అడగడం కొనేవారి హక్కు.

మూడో ప్రశ్న, కాగితం ఎవరి పేరున ఉంది, ఆ కాగితానికి చట్టబలం ఉందా అనేది. ఈ ప్రశ్న దేవరాపల్లి వారికి మరీ ముఖ్యం. ఈ మండలానికి ఆనుకుని ఉన్న అనంతగిరి ఏజెన్సీ ప్రాంతం, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. అరకు వైపు పెరిగే పర్యాటకులను చూసి అక్కడ గదులు కట్టి అద్దెకివ్వాలన్న ఆలోచన మైదాన ప్రాంతం వారికి కలగవచ్చు. కాని 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, జనం 1/70 చట్టంగా పిలిచే 1970 నాటి దాని సవరణ, అనంతగిరి వంటి షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని నిర్దేశించాయి. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తనఖా కూడా అందులోకే వస్తాయి. గిరిజనుల బతుకు నేలను కాపాడటానికి వచ్చిన ఈ చట్టాన్ని బినామీ పేర్లతో దాటాలని చూడటం అన్యాయం, ఆ విధంగా పెట్టిన సొమ్ముకు రక్షణ కూడా ఉండదు.

మైదానంలోనూ కొండల దిగువన డి పట్టా భూములు ఉంటాయి. భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన భూములివి. 1977 నాటి చట్టం వీటి అమ్మకాన్ని నిషేధించింది. తరువాతి కాలంలో ఆ చట్టానికి సవరణలు వచ్చినా, ఏ భూమికి ఏది వర్తిస్తుందో రెవెన్యూ కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఒకటి ఉంటుంది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు వంటివి అందులో ఉంటాయి. కొనదలచిన సర్వే నంబరు ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఆ తరువాత ఈసీ తీయించాలి. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానాలు అన్నీ వరుసగా చూపే పత్రం. 1983 నుంచి ఉన్న వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించి తీయించాలి. ఈసీలోని ప్రతి లావాదేవీకీ అమ్మేవారి చేతిలో లింకు దస్తావేజు ఉండాలి. ఒక్క లంకె తెగినా, అంటే తండ్రి పోయాక ఒక కూతురు సంతకం లేకుండా అన్నదమ్ములే అమ్మి ఉన్నా, ఆ తగవు కొన్నవారి ఇంటి ముందుకే వస్తుంది. లేఅవుట్‌లో కొనేటప్పుడు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ అయిన వీఎంఆర్‌డీఏ వంటి అధీకృత సంస్థ ఆమోదం, లేఅవుట్ అనుమతి (ఎల్పీ) నంబరు చూడాలి.

కాగితాలు సరిగా ఉన్నప్పుడు ఇంటిని కళ్లారా చూడాలి. చూడటానికి మంచి కాలం మే నెల, మరో మంచి కాలం గట్టి వాన పడిన మర్నాడు. మేలో కుళాయి తిప్పి చూస్తే బోరు సంగతి తెలుస్తుంది. శారదా నది మీది రైవాడ జలాశయం దేవరాపల్లి మండలంలోనే ఉండి విశాఖ నగరానికి తాగునీరు అందిస్తుంది. అయినా ప్రతి ఇంటి బోరులో వేసవిలో నీరుంటుందని దాని అర్థం కాదు. వాన పడిన మర్నాడు పై కప్పు కింద నిలబడి తలెత్తి చూస్తే, నీళ్ల ట్యాంకు కింది భాగంలో శ్లాబు చెమ్మగిల్లి పసుపు మరక కట్టిందా, సున్నం పెచ్చులుగా లేచిందా, గోడ మూలలో వేలు పెడితే తడి తగులుతుందా అన్నది తెలిసిపోతుంది. కొత్తగా వేసిన రంగు ఆ మరకను కొన్నాళ్లు దాస్తుంది కాని పోగొట్టలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకిన నాటి దెబ్బలు చూసిన ప్రాంతమిది. రేకుల షెడ్డు గదులతో అద్దె వ్యాపారం చేసేవారు మరమ్మతుల కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోక తప్పదు. ప్రతి వాటాకూ విడి కరెంటు మీటరు ఉంటే అద్దెదారుల మధ్య నెలనెలా బిల్లు పేచీ ఉండదు.

అద్దె ఒప్పందం నోటిమాటగా వదిలేయడం రెండు పక్షాలకూ మంచిది కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలరూపంలో ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి; ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తరువాత వచ్చిన సవరణ ప్రకారం ఏడాదిలోపు లీజునూ రిజిస్టరు చేయించాలి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీకి కట్టాలి, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మరమ్మతులు ఎవరివి అన్నవి అందులో రాసుకోవాలి. అద్దెదారు ఇచ్చే సొమ్ముతోనే ఇంటివారి ఇల్లు గడుస్తుంది. కులమో మతమో అడిగి మంచి కుటుంబాన్ని గుమ్మంలోనే తిప్పి పంపడం మానవత్వం కాదు, ఖాళీ నెలలను పెంచుకునే పని కూడా.

ఇక ఎంత సొమ్ము పెట్టాలన్నది. అప్పు చేసి కొంటే అద్దెతో వాయిదాలు తీరిపోతాయన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 లక్షలు 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా 17 వేలు దాటుతుంది. ఇంతకుముందు చెప్పుకున్న ఇంటి అద్దె 9 వేలు. మిగతా సగం జీతంలో నుంచో పంటలో నుంచో రావాలి. ఇల్లు అవసరానికి వెంటనే అమ్ముడుపోదు. ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజున పెరటి వైపు గది ఒక్కటే అమ్మడం కుదరదు. కనుక కనీసం ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడే సొమ్మును బ్యాంకులో ఉంచిన తరువాతే ఇంటి మీద పెట్టాలి. ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఇల్లు కొనేంత సొమ్ము లేనివారికి రీట్లు అనే మార్గమూ ఉంది. ఎందరో మదుపరుల సొమ్ముతో పెద్ద కార్యాలయ భవనాలు నడిపి, పంపిణీకి వీలైన నగదులో 90 శాతానికి తక్కువ కాకుండా వారికి పంచే సంస్థలివి. మన దేశంలో మొదటి రీటు 2019లో స్టాక్ మార్కెట్టులోకి వచ్చింది. హైదరాబాదు మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ ప్రాంగణం వంటివి ఇలా నడుస్తున్నాయి. వీటి ధర షేర్ల వలె పెరుగుతుంది, తగ్గుతుంది కూడా.

శ్రోతలు గుర్తుంచుకోవలసిన ప్రశ్నలు మూడే. ఈ ఇంట్లో ఎవరు ఉంటారు? ఖర్చులు పోగా చేతికి ఎంత మిగులుతుంది? కాగితం నిలుస్తుందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే సొంత ఇంటి మేడతో మొదలుపెట్టి, తరువాత రోజు పోయి రాగలిగే ఊళ్లో, ఆ తరువాతే దూర ప్రాంతంలో సొమ్ము పెట్టడం క్షేమం. మూడింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా ఆ బేరాన్ని వదులుకోవాలి. ఈ రోజు కాదంటే రేపు ధర పెరిగిపోతుందని తొందరపెట్టేవారు ఎందరో ఉంటారు. అయితే ఆర్నెల్లు ఆగినందుకు పోయేది కొద్దిపాటి లాభమే, ఆగకుండా తప్పు ఆస్తి కొన్నందుకు పోయేది పాతికేళ్ల కష్టం. ఆ కష్టాన్ని కాపాడుకోవడానికి కావలసిన తెలివి, ఓపిక ఈ ప్రాంతపు కుటుంబాలకు ఉన్నాయి. సొమ్ము కూడబెట్టడంలో చూపిన ఆ ఓపికనే సొమ్ము పెట్టడంలోనూ చూపాలి.